నాలుక కింది మాత్ర - నేను నేర్చుకున్న పాఠం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను. కలెక్టరేటులో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆరోగ్యం అంటే మహాసముద్రం. అందులోంచి నా అనుభవంలోకి వచ్చిన ఒక్క చెంచాడు నీళ్ళు మాత్రం మీ ముందు పెడతాను. అది నాలుక కింద పెట్టుకునే మాత్ర సంగతి. ఈ హాల్లో సార్బిట్రేట్ జేబులో ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే లేచే చేతులు తక్కువేమీ ఉండవని నాకు తెలుసు.

2011లో మెట్లెక్కుతుంటే గుండెల మీద బరువు పెట్టినట్లుండేది. పరీక్షలు చేసి ఆంజైనా అన్నారు. చీటీ మీద నాలుగు రకాల మాత్రలు రాశారు. చివరి వరుసలో సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాములు అని రాసి, పక్కన ఎస్.ఎల్., ఎస్.ఓ.ఎస్. అని రాశారు. 36 ఏళ్ళు ఫైళ్ళు చూసిన కళ్ళు కదా! ఎస్.ఎల్. అంటే మనకు తెలిసిన అర్థం ఒక్కటే, సీరియల్ నంబరు. డాక్టరు గారు నంబరు వెయ్యడం మరిచారనుకున్నాను. మందుల షాపులోనూ ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎస్.ఎల్. అంటే నాలుక కింద అనీ, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైనప్పుడు మాత్రమే అనీ తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. దానికి చెల్లించిన రుసుము కూడా ఎక్కువే.

2013 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. తెల్లవారుజాము నాలుగింటికి గుండెలో నొప్పితో మెలకువ వచ్చింది. మా ఆవిడ లైటు వేసి, "ఏమండీ, ఒళ్ళంతా ఈ చెమటలేమిటి?" అంది. మందుల డబ్బా తెచ్చి, సార్బిట్రేట్ తీసి, దాంతోపాటు గ్లాసుడు నీళ్ళు ఇచ్చింది. మాత్ర అంటే నీళ్ళతో మింగేదే కదా! గుటుక్కున మింగాను. మాత్ర వేసుకున్నాం కాబట్టి తగ్గుతుందని ఇద్దరమూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు. ఇరవై. నొప్పి ఎడమ భుజంలోకీ దవడలోకీ పాకింది. అరగంట తరువాత పక్కింటి కుర్రాడు వచ్చి, మమ్మల్ని చూసి, 108కి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. స్టెంట్ వేశారు. మూడో రోజున మా అమ్మాయి వయసున్న ఒక డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నొప్పి వచ్చినప్పుడు మాత్ర పెట్టుకున్నారా అండీ?"

"వేసుకున్నానమ్మా. నీళ్ళతో మింగాను."

"తరువాత ఎంతసేపు చూశారు?"

"అరగంట."

ఆవిడ కోప్పడలేదు. ఒక కాగితం తీసుకుని వెనుక వైపు మనిషి బొమ్మ గీసి, రెండు దారులు చూపించింది. ఆ కాగితం ఇప్పటికీ నా పెన్షన్ పేమెంట్ ఆర్డరున్న ఫైల్లోనే ఉంది. మీకు చెప్పబోయేది ఆ కాగితం మీది బొమ్మే.

మింగిన మాత్ర దారి మొదట చూడండి. అది కడుపులో పడాలి. కరగాలి. చిన్నపేగులోకి దిగాలి. పేగు గోడల్లోంచి రక్తంలో కలవాలి. ఇంతవరకు సరే. కాని పేగుల నుంచి బయలుదేరిన రక్తం తిన్నగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ఆ రక్తాన్నంతా ముందు కాలేయానికి తీసుకుపోతుంది. మనం తిన్నదాంట్లో, తాగినదాంట్లో శరీరానికి కొత్తగా కనిపించిన ప్రతి పదార్థాన్నీ పట్టుకుని విరగగొట్టే పని కాలేయానిది. మందును కూడా అది వదలదు. దాని చేతిలోంచి తప్పించుకున్న భాగం మాత్రమే గుండెకు చేరి, అక్కడి నుంచి ఒళ్ళంతా తిరుగుతుంది.

ఆవిడ ఈ మాట చెబుతుంటే నాకు మా ఆఫీసు కళ్ళకు కట్టింది. అర్జీ తపాల్లో పడుతుంది. కరెంటు నంబరు వేస్తారు. సెక్షనుకు వస్తుంది. గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుని నోటు రాసి పెడతాడు. సూపరింటెండెంటు గారు కొర్రీ వేస్తారు. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. కలెక్టరు గారి బల్ల మీదికి చేరేసరికి అర్జీలో అడిగిన వాటిలో పావు వంతు మిగులుతుంది. కాలేయం అటువంటి సెక్షను. సార్బిట్రేట్‌లో ఉండే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అనే మందును మింగితే సగటున నాలుగో వంతు మాత్రమే రక్తంలోకి చేరుతుందట. పని మొదలుపెట్టడానికి అరగంట దాకా పడుతుంది. దాని అన్నగారు గ్లిసరిల్ ట్రైనైట్రేట్. దాన్ని మింగితే కాలేయం దాదాపు మొత్తం విరిచేస్తుంది.

ఇక రెండో దారి. మీరు ఇంటికి వెళ్ళాక అద్దం ముందు నోరు తెరిచి నాలుక కొనను పైకెత్తి చూడండి. నాలుక అడుగున అటొకటి ఇటొకటి నీలంగా సిరలు కనిపిస్తాయి. మన వయసులో అవి కాస్త ఉబ్బి కూడా ఉండవచ్చు, దానికి కంగారు పడనక్కర లేదు. అక్కడ చర్మపు పొర పలచన. దాని వెనుకనే సన్నటి రక్తనాళాలు వల అల్లినట్లుంటాయి. మాత్ర లాలాజలంలో కరిగి ఆ పొర దాటిందంటే రక్తంలో పడ్డట్టే. ఆ రక్తం మెడలోని జుగులర్ సిరలోకి, అక్కడి నుంచి ఛాతీలోని పెద్ద సిరలోకి, దానిలోంచి గుండెలోకి పోతుంది. దారిలో కాలేయం లేదు. సోమవారం గ్రీవెన్స్ నాడు అర్జీ పట్టుకువెళ్ళి కలెక్టరు గారి చేతికే ఇచ్చినట్లన్నమాట. గ్లిసరిల్ ట్రైనైట్రేట్ ఇలా పెట్టుకుంటే ఒకటి నుంచి మూడు నిమిషాల్లో, సార్బిట్రేట్ రెండు నుంచి ఐదు నిమిషాల్లో పని మొదలుపెడతాయి. అర మిల్లీగ్రాము, ఐదు మిల్లీగ్రాములు అంత చిన్న మోతాదు సరిపోవడానికి కారణం కూడా ఈ దారే.

గుండెకు చేరి అది చేసే పనేమిటి? రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. ముఖ్యంగా సిరలు వెడల్పవుతాయి. రక్తం కొంత వాటిలోనే నిలిచి, గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. గుండె మోయవలసిన బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే దానికి కావలసిన ప్రాణవాయువూ తగ్గుతుంది. గుండెకు రక్తం తెచ్చే నాళాలు కూడా కొంత విచ్చుకుంటాయి. నొప్పి దిగుతుంది. ఈ వదులు చేసే పని వెనుక నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఉంది. రక్తనాళాలకు అది సంకేతంలా పనిచేస్తుందని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

నోబెల్ పేరు వచ్చింది కాబట్టి ఒక చిత్రమైన సంగతి. గ్లిసరిల్ ట్రైనైట్రేట్‌కు మరో పేరు నైట్రోగ్లిజరిన్. అవును, కొండలు పగలగొట్టే డైనమైట్‌లోని నైట్రోగ్లిజరినే. మాత్రలో ఉండేది అణుమాత్రం, అది కూడా వేరే పొడితో కలిపి ఉంటుంది కాబట్టి జేబులో పేలుతుందన్న భయం అక్కర లేదు. 1847లో ఇటలీలో సోబ్రేరో అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని తయారుచేసి, నాలుకకు తాకించి చూస్తే తల పగిలేంత నొప్పి వచ్చింది. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దీనితో డైనమైట్ చేశాడు. 1879లో లండన్ డాక్టరు విలియం మరెల్ దీన్ని ఆంజైనాకు మందుగా లోకానికి తెలియజేశాడు. ఆయన మొదటి అనుభవం వినదగ్గది. మందు సీసా బిరడాను నాలుకకు అంటించి చూశాడు. ఇంతలో రోగి వస్తే ఆ సంగతి మరిచాడు. కాసేపటికే తల దిమ్మెక్కి, గుండె కొట్టుకున్నప్పుడల్లా చేతిలోని కలం ఎగిరెగిరి పడిందట! నాలుకకు తాకిన ఒక్క తడి ఎంత త్వరగా గుండెకు చేరుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చివరి రోజుల్లో గుండెజబ్బు వచ్చిన నోబెల్‌కు డాక్టర్లు రాసిన మందు కూడా నైట్రోగ్లిజరినే. జనం బెదరకుండా దానికి ట్రైనైట్రిన్ అని పేరు మార్చారని ఆయన స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1896 డిసెంబరు 10న పోయాడు. మొన్న పదో తేదీకి ఆయన వర్ధంతే.

మళ్ళీ నా మంచం దగ్గరికి వస్తాను. నేను డాక్టరమ్మను అడిగాను. "అయితే నాలుక కింద పెట్టుకుని ఉంటే నాకు గుండెపోటు వచ్చేది కాదా అమ్మా?" ఆవిడ నిజం చెప్పింది. "అలా అనలేమండీ. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతే ఈ మాత్ర దాన్ని కరిగించలేదు. కాని సరిగ్గా పెట్టుకుని ఉంటే ఐదు నిమిషాల్లో తగ్గలేదని తెలిసేది. ఇది మామూలు నొప్పి కాదని తెలిసి వెంటనే బయలుదేరేవారు. మీరు అరగంట పోగొట్టుకున్నారు."

మిత్రులారా, ఈ ప్రసంగమంతా మరిచినా ఈ మాట మరవకండి. నాలుక కింది మాత్ర మందు మాత్రమే అనుకుంటాం. అది గడియారం కూడా. ఐదు నిమిషాల్లో ఫలితం రాకపోతే, ఇక ఇంట్లో కూర్చోకూడదని చెప్పే గడియారం. గుండె కండరం రక్తం లేకుండా ఎంతసేపు ఉంటే అంత నష్టం. నేను పోగొట్టుకున్న అరగంట ఖరీదు ఎంతో ఎవరూ లెక్కకట్టి చెప్పలేదు గాని, అప్పటి నుంచి మా అబ్బాయి ఇంటి రెండో అంతస్తుకు నేను ఆగకుండా ఎక్కలేదు.

అయితే ఏ మాత్రనైనా నాలుక కింద పెట్టుకుంటే త్వరగా పనిచేస్తుందా? చెయ్యదు. ఆ పలచని పొరను దాటాలంటే మందు కొవ్వులో సులువుగా కరిగే రకం కావాలి, కొద్ది మోతాదులోనే పనిచెయ్యాలి. కొన్ని నొప్పి మందులు, కొన్ని మానసిక చికిత్స మందులు ఇలా వాడతారు. గుండెపోటు అనుమానంలో డాక్టర్లు చెప్పే ఆస్పిరిన్ మాత్రం నాలుక కింద పెట్టేది కాదు, నమిలి మింగేది. రోజూ మింగే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అని మరో మందు ఉంది. పేరు ఇంచుమించు ఒకటే గాని కాలేయం దాన్ని పెద్దగా విరవదు, అందుకే మింగడానికి ఇస్తారు. ఆ రెండింటినీ కలగాపులగం చెయ్యకండి.

1980లలో, 90లలో మనలో చాలామంది చూసిన దృశ్యం ఒకటుంది. బి.పి. బాగా పెరిగిందనగానే నిఫెడిపిన్ గొట్టానికి సూదితో చిల్లు పొడిచి ఆ రసాన్ని నాలుక కింద పిండేవారు. మా నాన్నగారికి కూడా అలా చేసేవారు. తరువాత పరిశీలిస్తే ఆ మందు నోటిలోంచి రక్తంలోకి వెళ్ళేది బహు స్వల్పమనీ, లాలాజలంతో మింగిందే పేగుల్లోంచి పనిచేస్తోందనీ తేలింది. పైగా బి.పి. ఎంత పడిపోతుందో చెప్పలేని విధంగా ఒక్కసారిగా పడిపోయి, పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చాయి. 1996లో అమెరికా వైద్య పత్రికలో ఈ పద్ధతి నిలిపివెయ్యాలని డాక్టర్లు గట్టిగా రాశారు. కాబట్టి ఇంట్లో ఎవరైనా, "పాతరోజుల్లో ఇలా చేసేవాళ్ళం" అంటే వద్దని చెప్పండి.

ఇప్పుడు మనకు పనికివచ్చే జాగ్రత్తలు వరుసగా చెబుతాను. ఇవి మా డాక్టరమ్మ చెప్పగా రాసుకున్నవి. మీ మీ డాక్టర్లను అడిగి సరిచూసుకోండి.

1. ముందు కూర్చోండి. ఈ మాత్రతో బి.పి. దిగి కళ్ళు తిరుగుతాయి. నా సెక్షన్లోనే పనిచేసిన మిత్రుడొకరు రాత్రి బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడే మాత్ర పెట్టుకున్నారు. గుండెనొప్పి తగ్గింది, మనిషి పడ్డాడు. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచం దిగలేదు.

2. మాత్రను నాలుక కింద పెట్టి కరగనివ్వండి. నమలవద్దు, మింగవద్దు, కరిగేదాకా నీళ్ళు తాగవద్దు. వయసుతో నోరు ఎండిపోతుంది కాబట్టి, ముందు ఒక గుక్క నీళ్ళతో నోరు తడుపుకుని ఆ తరువాత పెట్టుకోవచ్చు.

3. పెట్టుకోగానే గడియారం చూడండి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోయినా, పెరుగుతున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రెండో మాత్ర, మూడో మాత్ర మీ డాక్టరు చెప్పిన ప్రకారమే, అదీ అంబులెన్సుకు కబురు చేశాకే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ 108 సేవ ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. "ఈ వేళప్పుడు ఎవరిని లేపుతాం" అన్న మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది.

4. నొప్పి తగ్గినా, మునుపటికంటే తరచుగా వస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు వస్తున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. తగ్గింది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

5. తలనొప్పి వస్తే బెదరకండి. తలలోని నాళాలు కూడా విచ్చుకుంటాయి కాబట్టి అది సహజం. డైనమైట్ కర్మాగారాల్లో ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి వచ్చిన కూలీలకు ఇదే తలనొప్పి వచ్చేది.

6. మగవాళ్ళు దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటుంది. సిల్డెనాఫిల్, టడాలఫిల్ అనే మందులు వాడేవారు ఈ మాత్ర పెట్టుకుంటే బి.పి. ప్రమాదకరంగా పడిపోతుంది. మొదటిది వేసుకున్న 24 గంటల్లో, రెండోది వేసుకున్న 48 గంటల్లో ఇది పనికిరాదు. టడాలఫిల్ ప్రొస్టేటు ఇబ్బందికి కూడా ఇస్తారు. కాబట్టి ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. గుండె డాక్టరుకూ, 108లో వచ్చినవారికీ తప్పక చెప్పండి.

7. మీ మాత్ర మరొకరికి ఇవ్వకండి. పార్కులో, పెళ్ళిలో ఎవరో గుండె పట్టుకోగానే జేబులోంచి తీసి ఇచ్చే దాతలు మనలో ఉన్నారు. ఆ మనిషికి అప్పటికే బి.పి. పడిపోయి ఉంటే మన దానం ఆయన ప్రాణం తీస్తుంది. వాట్సాప్‌లో తిరిగే "అందరూ సార్బిట్రేట్ దగ్గర ఉంచుకోండి" అన్న సందేశాలను కూడా మీ డాక్టరు చెప్పకుండా నమ్మకండి.

8. గ్లిసరిల్ ట్రైనైట్రేట్ గాజు సీసాలో వస్తే ఆ సీసాలోనే ఉంచి మూత గట్టిగా బిగించండి. వేడికీ వెలుతురుకూ గాలికీ దాని బలం పోతుంది. సీసా తెరిచిన తేదీ దాని మీద రాసి, ఎన్నాళ్ళకు మార్చాలో అడిగి తెలుసుకోండి. ఏ మాత్రకైనా గడువు తేదీ చూడండి. దాచిన చోటు ఇంట్లో అందరికీ తెలియాలి. బీరువాలో పెట్టి తాళం వేసే వస్తువు కాదిది.

చివరిగా ఒక మాట. ఆ రాత్రి తప్పు మా ఆవిడది కాదు, ఆమెకు ఎవరు చెప్పారు గనుక? నాకే తెలియదు. మన రోగాలకు ఆసరాగా నిలబడేది ఇంట్లోవాళ్ళు. వాళ్ళకు మన మాత్రల పేర్లు తెలుసు, అవి వేసుకునే తీరు తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు రాసి మంచం పక్క గోడకు తగిలించాను: "కూర్చోవాలి. నాలుక కింద పెట్టాలి, నీళ్ళు ఇవ్వరాదు. ఐదు నిమిషాలు చూసి 108." మా మనవరాలు దాని పక్కన గడియారం బొమ్మ వేసింది. మూడేళ్ళ క్రితం మళ్ళీ ఒక రాత్రి నొప్పి వచ్చినప్పుడు మా ఆవిడ నీళ్ళ గ్లాసు తేలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మాత్ర చేతికిచ్చి, గడియారం వైపు చూస్తూ నిలబడింది. నాలుగో నిమిషంలో నొప్పి దిగింది. తెల్లవారగానే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనం మరవం. ఇవాళ ఇంటికి వెళ్ళగానే అటువంటి అట్టముక్క ఒకటి రాసి గోడకు తగిలించండి. వచ్చే ఏడాది లైఫ్ సర్టిఫికెట్‌కు అది కూడా అవసరమే.